ఈతాకు చిలుకల బల్ల

మా మనవరాలికి కాన్పయి నెల కావస్తోంది. సూరారంలో మా ఇంటి వెనక పెద్ద కాగులో వావిలాకు వేసి నీళ్లు మరిగిస్తున్నారు, బాలింత స్నానానికి. ఆ ఘాటు వాసన వంటింట్లోంచి నేను కూర్చున్న మంచం దాకా వచ్చింది. ఇంట్లో అందరికీ అది పసిబిడ్డ వాసన. నాకు మాత్రం క్రిస్మస్ విందు వాసన. ఈ మాట అంటే మా కోడలు నవ్వింది. నవ్వడంలో తప్పు లేదు. మేడ్చల్‌లో ఆ రోజు ఆకుల మధ్య కూర్చుని అన్నం తిన్నవాళ్లలో ఇప్పుడు ఎందరున్నారో నాకే తెలియదు. ఆ విందు పెట్టిన ఎస్తేరమ్మ గారిని ఈ ఇంట్లో చూసినవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఆమె గురించి రాద్దామనిపించింది.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. నేను సికింద్రాబాదులో పంతులమ్మ చదువు ముగించి, మేడ్చల్ ఆడపిల్లల బడికి మొదటి ఉద్యోగానికి వచ్చాను. రేకు పెట్టెతో రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఎండలో నల్లగొడుగు పట్టుకుని ఒక భారీ మనిషి నిలబడి ఉంది. ఆమే మా పెద్ద పంతులమ్మ ఎస్తేరమ్మ గారు. నా నమస్కారం పూర్తి కాకముందే అన్నం తిన్నవా అని అడిగింది. లేదనగానే బడి చూపించకుండా నేరుగా తన ఇంటికి తీసుకుపోయి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. ఆ దుఃఖం ఆమె ముఖంలో ఎక్కడుందో నేను చాలాకాలం వెతికాను. కనిపించేది నవ్వే. ఆమె నవ్వితే మూడో తరగతి గదిలోని పిల్లలు కారణం తెలియకుండానే నవ్వేవారు.

ఆమె ఎవరికీ నీతులు చెప్పేది కాదు. ఏదో ఒక పని చేతిలో పెట్టేది. ఇంటి మీద బెంగతో నేను ఏడుస్తున్నానని తెలిసిన రోజు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. సున్నం బకెట్టు, కుంచె ఇచ్చి, గోడకు సున్నం వేయాలి, పెద్ద పిల్లలు సాయం చేస్తారు అని వెళ్లిపోయింది. సాయంత్రానికి నాకు ఆ పిల్లలందరి పేర్లూ వచ్చేశాయి. జుట్టంతా తెల్లబడిన నన్ను చూసి వాళ్లు అవ్వా అని పిలిస్తే నేనూ నవ్వాను. మేడ్చల్ ఆ రోజు నుంచే నా ఊరయింది.

మా క్రైస్తవ సంఘంలో రెండు వాడలవాళ్లు ఉండేవారు. ఊరికి తూర్పున ఒక వాడ, రైలు పట్టాలకు అవతల ఒక వాడ. ఆదివారం ఒకే గుడిలో ఒకే పాట పాడేవారు. కానీ అన్నం దగ్గరికి వస్తే ఎవరి బంతి వారిదే. ఏసుప్రభువు దగ్గరికి వచ్చి రెండు తరాలయినా, ఆ పాత కులాల అడ్డుగోడ మాత్రం వాళ్లతోపాటే నడిచి వచ్చింది. క్రిస్మస్ విందుకు గుడి ముందు ఒక వాడవాళ్లకు ఒక బంతి, వెనక ఇంకో వాడవాళ్లకు ఇంకో బంతి. బడి గదిలో తెల్లగుడ్డ పరిచిన ఎత్తుబల్ల మీద సంఘ పెద్దలకు, పంతుళ్లకు వేరే. మొదటి ఏడు నేనూ ఆ ఎత్తుబల్ల దగ్గరే తిన్నాను. ఎస్తేరమ్మ గారు మాత్రం వడ్డిస్తూనే ఉంది, కూర్చోలేదు.

రెండో ఏడు యుద్ధం వల్ల రంగు కాగితాలు దొరకలేదు. గుడికి ప్రతి ఏడూ కట్టే తోరణాలు లేవు. సంఘం సమావేశంలో సంఘ పెద్ద యోహాను గారు ఈసారి అలంకారం వద్దు, విందుతో సరిపెడదామన్నారు. ఎస్తేరమ్మ గారు లేచి, అలంకారం నేను చూసుకుంటానంది. కాగితం లేకపోతే ఆకులున్నాయి, చెట్లు యుద్ధానికి పోలేదు కదా అంది. అందరూ నవ్వారు. నవ్వు ఆగకముందే, ఈసారి మూడు చోట్ల కాదు, గుడి ముందర ఒకటే బల్ల వేస్తాను, ఆ బల్లనే ఆకులతో అలంకరిస్తాను అని కూర్చుంది.

ఆ సాయంత్రమే యోహాను గారు బడికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు. సంఘం రెండుగా చీలిపోతుందేమోనని భయపడే మనిషి. రెండు వాడల మగవాళ్లూ తన ఇంటికి వచ్చి, ఒకటే బల్ల వేస్తే తాము రామని, పిల్లల్ని బడి మాన్పిస్తామని చెప్పి వెళ్లారట. పిల్లలు మానేస్తే బడి మూతపడుతుంది. బడి మూతపడితే, బడివాళ్లిచ్చిన ఇంట్లో ఉంటున్న ఆమెకు ఇల్లూ లేదు, నాకు ఉద్యోగమూ లేదు. ఇదంతా ఆయన నెమ్మదిగానే చెప్పారు. ఆమె అంతా విని, టీ ఇచ్చి పంపింది. ఆయన వెళ్లాక నావైపు తిరిగి, "బండి మాట్లాడిన బిడ్డా. రేపు పొద్దుగాల శామీర్‌పేట పోదాం. చెరువు కట్ట కింద వావిలి మస్తుగ ఉంటది" అంది.

బండి ఖాసిం సాబుది. మేడ్చల్‌లో కట్టెల అడితి నడిపే ఆయన, ఆమె తండ్రికి స్నేహితుడు. మర్నాడు మంచు ఇంకా విడవకముందే బయలుదేరాం. దారిపొడవునా ఆమె బండి ఆపించి దిగేది. కంచెల మీద కాకిదొండ తీగలు పండి, ఎర్రటి కాయలతో వేలాడుతున్నాయి. రేగు కొమ్మల నిండా పండ్లు. వాగు పక్కన ఈత మట్టలు. నేను ఒక పొద మీద గురివింద కాయలు విచ్చుకుని ఎరుపూ నలుపూ గింజలు మెరుస్తుంటే మురిసిపోయి కొంగునిండా కోశాను. ఆమె చూసి, ఎంత అందంగా ఉన్నా అన్నం దగ్గరికి అవి రావద్దంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటే విషం. కానీ పారేయనివ్వలేదు. గాజుసీసాలో పోసి, పిల్లలకు అందనంత ఎత్తున, గుడిలో వాక్యపీఠం మీద పెట్టించింది. చెరువు కట్ట కింద వావిలి కోస్తుంటే చేతులంతా ఆ వాసనే. ఆ ఆకు కింద పరిస్తే ఈగలు, చీమలు విందు దగ్గరికి రావని చెప్పింది.

తిరుగుదారిలో ఖాసిం సాబు, ఇంత ఆకు దేనికని అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, పెద్దల బెదిరింపుతో సహా. ఆయన ఎడ్లను అదిలించారు. తర్వాత, "మా ఇంట్ల దస్తర్‌ఖాన్ పరిస్తే ఎవరు యాడ కూసోవాల్నని అడగరమ్మా. జాగ ఉన్నకాడ కూసుంటరు" అన్నారు. పండుగకు వాళ్లింట్లో అన్నం కింద పరిచే ఆ పొడుగాటి తెల్లగుడ్డను మర్నాడు ఉతికించి, మడతపెట్టి పంపారు. దాంతోపాటు బండి మీద పరిచే చెక్కలు కూడా.

క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం రెండు వాడల ఆడవాళ్లనూ దండలు అల్లడానికి బడి వరండాకు పిలిచింది. ఆడవాళ్లు వచ్చారు గాని, ఆ చివర కొందరు, ఈ చివర కొందరు కూర్చున్నారు. ఎస్తేరమ్మ గారు తూర్పు వాడవాళ్ల ముందు ఈతాకులు మాత్రమే పోసింది. పట్టాల అవతలి వాళ్ల ముందు కాకిదొండ తీగలు, బంతిపూలు పోసింది. తీగ లేకుండా ఈతాకు దండ నిలవదు. ఈతాకు లేకుండా తీగ ఉత్త తాడు. మొదట కాసేపు ఆడపిల్లలు ఇటువి అటు, అటువి ఇటు మోశారు. తూర్పు వాడ సాలమ్మకు ఓపిక తక్కువ. ముసలిదే గాని చేతులు మెరుపుల్లా కదిలేవి. ఈతాకును మడిచి చిలుకలు చేయడంలో ఆమెకు సాటి లేదు. తీగ కోసం ఎదురుచూసి విసిగి, "ఈ తెచ్చుడు ఇచ్చుడేంది, నేనే ఆడికొస్త" అని లేచి, వరండా దాటి, అవతలి వాడ దీనమ్మ పక్కన కూలబడింది. దీనమ్మ బంతిపూలను జంటలుగా కట్టే మనిషి. పూలు దగ్గరగా కట్టాలా, దూరంగానా అని ఇద్దరూ కాసేపు తగవులాడుకున్నారు. ఒకరి దండ చివర ఇంకొకరు పట్టుకోకుండా తగవు కూడా సాగదు. పొద్దు వాలేసరికి వరండాలో ఆ చివర, ఈ చివర అని లేకుండా పోయింది. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఎస్తేరమ్మ గారు మూల కూర్చుని ఆకుల ఈనెలు తీస్తూ, అటువైపు చూడనట్టే ఉంది.

ఆ దండలన్నీ కలిపి ఒక్కటిగా ముడివేసే పని నాకు అప్పగించింది. ఒకటి చిలుకలది, పక్కన ఒకటి పూలది, మళ్లీ చిలుకలది, అట్లా వేయాలంది. రంగు అంతటా సమంగా పరుచుకుంటుందట. నేను అట్లాగే ముడివేశాను.

పండుగ పొద్దున బల్ల కట్టాం. బల్ల అంటే నిజం బల్ల కాదు. గుడి తలుపు రెక్కలు, బడిలో నల్లబల్ల, ఖాసిం సాబు బండి చెక్కలు, ఒకరింటి ధాన్యం గుమ్మి మూత, అన్నీ ఇటుకల మీద మోకాలెత్తున వరసగా పరిచాం. చుట్టూ కూర్చోవడానికి చాపలు. పాత ఎత్తుబల్లను అవతలికి జరిపి దానిమీద అన్నం గంగాళాలు పెట్టించింది. మా బల్ల ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. నాకైతే సిగ్గేసింది. అప్పుడు ఆమె అడుగున వావిలి రొట్ట పరిపించి, మీద తెల్లగుడ్డ వేయించి, గుడ్డ చాలనిచోట కానుగ రెమ్మలు కప్పించింది. నడిమధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే దండ. అతుకుల దగ్గర ముళ్లు తీసిన రేగు కొమ్మలు. కాసేపటికి ఏది గుడి తలుపో, ఏది బండి చెక్కో వెతికినా కనబడలేదు. మంచుకు తడిసిన ఆకుల మీద ఎండ పడి, ఎర్రటి కాయలు, పచ్చటి చిలుకలు, బంతిపూలు ఒక్కసారి వెలిగాయి. అంత అందమైన బల్ల నేను మళ్లీ చూడలేదు.

ఆరాధన అయ్యాక జనం బయటికి వచ్చారు. బల్లను చూసి అందరూ నిలబడిపోయారు. ఒక వాడ మగవాళ్లు గోడ దగ్గరికి, ఇంకో వాడ మగవాళ్లు గేటు దగ్గరికి జరిగారు. యోహాను గారు ముందుకు వచ్చి, అలంకారం చాలా బాగుంది, ఇక దీన్ని రెండు చేసి ఎప్పటిలాగే రెండు బంతులు వేయిద్దామన్నారు. ఎస్తేరమ్మ గారు కాదనలేదు. చేతిలోకి కత్తెర తీసుకుని ఆయనకు అందిస్తూ అడిగింది.

"మంచిదయ్యా. దండ యాడ తెంపాల్నో మీరే చూపియ్యిండ్రి."

ఆయన దండ వైపు చూశారు. ఎక్కడ తెంపినా ఎవరో ఒకరి చేతిపని తెగుతుంది. అంతలో ఆడవాళ్లలోంచి సాలమ్మ కదిలింది. గొంతు పెంచకుండానే, "నా చిలకల మీద కత్తెర పెట్టకుండ్రి" అని వచ్చి, తన చిలుకలు ఎక్కడున్నాయో వెతుక్కుని వాటి ముందు కూర్చుంది. దీనమ్మ తన జంటపూలు గుర్తుపట్టి అక్కడ కూర్చుంది. అది సాలమ్మ పక్కనే. ఆ తర్వాత ఆడవాళ్లందరూ నాది యాడుంది, నీది యాడుంది అని నవ్వుకుంటూ ఎవరి దండ దగ్గర వాళ్లు కూర్చున్నారు. తల్లుల ఒళ్లోకి పిల్లలు ఉరికారు. అందరూ కుదురుకున్నాక చూస్తే, ఒకరు తూర్పు వాడ, ఒకరు పట్టాల అవతల, మళ్లీ ఒకరు తూర్పు వాడ. నా చేతులతో నేను వేసిన ముళ్లే అవి. నాకు అప్పుడు అర్థమైంది.

మగవాళ్లు నిలబడే ఉన్నారు. బగారన్నం మూత తీశారు, పొట్టేలు కూర వాసన గేటు దాకా పోయింది. ముందు ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. తర్వాత వాళ్ల తండ్రులు. కొందరు తినకుండానే ఇళ్లకు పోయారు. వాళ్లకు అన్నం ఆకుల్లో కట్టి పంపింది ఆమె. యోహాను గారు కత్తెర పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి దాన్ని గంగాళాల పక్కన పెట్టి, తన భార్య జరిగి ఇచ్చిన చోట కూర్చున్నారు. ఆయన మరోపక్కన పట్టాల అవతలి ముసలాయన ఉన్నాడు. ఇద్దరూ మొదట ఎవరి విస్తరి వారు చూసుకుంటూ తిన్నారు. పరమాన్నం వచ్చేసరికి, తీపి ఎక్కువైందని ఇద్దరూ ఒకేమాట అన్నారు.

వడ్డిస్తూ నా దగ్గరికి వచ్చిన ఎస్తేరమ్మ గారు, వంగి, "పక్కామె పేరడిగినవా" అంది. నా పక్కన ఉన్నామె స్టేషన్ ప్లాట్‌ఫారం ఊడ్చే మనిషి. సికింద్రాబాదు పోయి వచ్చిన ప్రతిసారీ ఆమెను చూశాను. పేరు తెలియదు. అడిగితే, రూతు అని చెప్పి, నేను మొదటిసారి రైలు దిగినప్పుడు నా రేకు పెట్టెను మెట్ల దాకా మోసింది తానేనని గుర్తుచేసింది. ఆ రోజు ఎస్తేరమ్మ గారు కూడా కూర్చుని తింది. మొదటిసారి ఆమెకు ఇంకొకరు వడ్డించారు. సాలమ్మే లేచి వడ్డించింది.

సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు నేను గుండె చిక్కబట్టుకుని హాజరు పిలిచాను. ఒక ఇంటి పిల్లలు తప్ప అందరూ పలికారు. ఎండలు ముదిరేసరికి వాళ్లూ వచ్చారు. మరుసటి ఏడు బల్ల ఎన్ని చోట్ల వేయాలని ఎవరూ అడగలేదు. ఆకులు ఎప్పుడు తేవాలని అడిగారు.

చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగ విరమణ చేసి గుడి పక్క గదిలో ఉన్న ఆమెను చూడబోయినప్పుడు అడిగాను, ఆ దండలు అట్లా వేయించింది రంగు కోసమేనా అని. ఆమెకు కళ్లు సరిగా కనిపించేవి కావు. నవ్వు మాత్రం అదే. "రంగు కుదిరిందా లేదా" అంది. చాలా బాగా కుదిరిందన్నాను. ఇగ దేనికి అడుగుడు అని నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

ఆ తర్వాత నేనూ తుర్కపల్లిలో పెద్ద పంతులమ్మనయ్యాను. ఒకరితో ఒకరు మాట్లాడని ఇద్దరు పంతుళ్లు నా బడిలో ఉంటే, పిలిచి మందలించలేదు. గోడమీద దేశపటం గీయమని ఇద్దరికీ కలిపి చెప్పాను. గోదావరి ఒకరు, కృష్ణ ఒకరు గీశారు. హైదరాబాదు చుక్క ఎక్కడ పెట్టాలో తేలేసరికి ఒకే గ్లాసులో చాయ్ పంచుకుంటున్నారు. ఇప్పుడు నాకు వయసు మీద పడింది, ఎవరికీ పని చెప్పే ఓపిక లేదు. కానీ ఏ పెళ్లిలో బంతికి కూర్చున్నా, విస్తరిలో ఏం పడిందో చూడకముందే పక్కకు తిరిగి పేరు అడుగుతాను. కొందరు ఈ ముసలమ్మకు ఎందుకని వింతగా చూస్తారు. అయినా చెబుతారు. చెప్పాక మౌనంగా తిన్నవాళ్లను ఇంతవరకూ నేను చూడలేదు.