గావిన్ టినియన్ కంఠతా పట్టిన మాటలు

గావిన్ టినియన్ పక్కన పదిహేనేళ్ళు ఆడాను. రగ్బీ లీగ్‌లో ముందు వరుసవాడికి పేరు రాదు. బంతి చంకలో పెట్టుకుని ఎదుటి జట్టువాళ్ళ గోడలోకి దూసుకుపోవాలి, పడాలి, లేవాలి, మళ్ళీ వెళ్ళి వాళ్ళని పడగొట్టాలి. మ్యాచ్‌కి నలభై సార్లు. పశువుల సంతలో పని మాని ఉత్తర ఇంగ్లండులో మా కంబ్రియా తీరపు క్లబ్బులో చేరినప్పుడు వాడికి పందొమ్మిదేళ్ళు. విరిగిన వేళ్ళతోనూ ప్రాక్టీసుకి అందరికంటే ముందే వచ్చేవాడు.

ముప్పై రెండో ఏట ఒక మ్యాచ్‌లో కిందపడి లేచి, పోయి అవతలి జట్టు వరుసలో నిలబడ్డాడు.

"ఏరా టినియన్, ఆ జెర్సీ నచ్చిందా?" అని జనంలోంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నేను వెళ్ళి మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. తిరుగు బస్సులో మూడుసార్లు అడిగాడు, "స్కోరెంతరా నీల్?"

అప్పుడే డాక్టరుకి చెప్పాల్సింది. చెప్పలేదు. "ఈ ఒక్క సీజన్ ఆడనివ్వరా, ఇది తప్ప నాకేం వచ్చు?" అని బతిమాలాడు. తలకి దెబ్బ తగిలితే మా క్లబ్బు డాక్టర్ మోఫట్ అయిదు మాటలు చదివి వినిపించి, కాసేపాగి అప్పజెప్పమనేది. ఆ మాటల చీటీలు ఆమె దగ్గర మూడే ఉండేవి. చాలాసార్లు ఆ పరీక్షకి కూర్చున్నవాణ్ణి గనక మూడూ నాకు వచ్చు. ప్రాక్టీసుకి వెళ్ళేటప్పుడు కారులో వాడిచేత వల్లె వేయించాను. ఒక సీజన్ రెండయింది. మైదానంలో ఎటు పరిగెత్తాలో కూడా నేనే వాడి చెవిలో చెప్పేవాణ్ణి.

ఫిబ్రవరిలో, సముద్రం మీంచి వాన అడ్డంగా కొడుతున్న మధ్యాహ్నం, ఎవరిదో మోకాలు వాడి కణతకి తగిలింది. వెల్లకిలా పడ్డాడు. ఒక చెయ్యి మాత్రం కొయ్యలా బిగుసుకుని గాల్లోకి లేచి ఉండిపోయింది.

చిట్లిన పెదవికి కుట్లు వేయించుకోడానికి నేనూ క్లబ్బు వైద్యం గదిలోనే ఉన్నాను. డాక్టర్ వాడి ఎదురుగా కూర్చుంది.

"గావిన్, మనం ఏ మైదానంలో ఉన్నాం?"

"గొడుగు, రొట్టె, గుర్రం, కిటికీ, ఉప్పు."

"నేనింకా మాటలు చదవలేదు గావిన్."

"గొడుగు, రొట్టె..." సరిగ్గా చెప్పానా అన్నట్టు నావైపు చూశాడు.

డాక్టర్ కూడా నావైపు తిరిగింది. "ఎవరు నేర్పారు నీకు?" అని వాణ్ణే అడిగింది గానీ, చూపు నామీదే ఉంది.

వాడి ఆట ఆ రోజుతో ముగిసింది. మెదడు దెబ్బతిందని, ఇంకా దిగజారుతుందని న్యూకాజిల్‌లో పెద్ద డాక్టర్లు చెప్పారు. మర్నాడు వాడి భార్య లోర్నాని చూడ్డానికి వెళ్ళాను.

"ఇదంతా నీకు ఎప్పట్నించి తెలుసు?" అని అడిగింది.

"రెండేళ్ళ నించి."

"అంటే యాభై మ్యాచ్‌లు," అంది. గొంతు పెంచలేదు. "ఇక బయటికి నడు నీల్."

ఏడాది తర్వాత ఆమే ఫోన్ చేసింది. అంత మనిషిని స్నానానికి లేపడం తన ఒక్కదానివల్ల కావట్లేదట. అప్పట్నుంచి రోజూ వెళ్ళాను. ఒక సాయంత్రం ఆమె టీ ట్రేతో వంటగదిలోంచి వస్తోంది. గావిన్ లేచాడు. నడుం వంచాడు. ఏం చేయబోతున్నాడో నాకు అర్థమయ్యేలోపే భుజంతో ఆమెని గోడకేసి కొట్టాడు. మెడ ఎముక విరిగిన చప్పుడు విన్నాను. వాడు రెండడుగులు వెనక్కి వేసి, వంగి నిలబడ్డాడు, ఆమె లేచి ఆట మొదలుపెట్టాలని ఎదురు చూస్తున్నట్టు.

ఎముక అతుక్కుంది, లోర్నా బతికింది. గావిన్ ఇప్పుడు ఇలాంటివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో ఉన్నాడు, నలభై ఏళ్ళకే. ఆదివారాలు ఇద్దరం వెళ్తాం. కారు ఎప్పుడూ ఆమే నడిపేది. పోయిన వారం మాత్రం ఆమెకి వీలుపడక నేనొక్కణ్ణే బయల్దేరాను. ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన రోడ్డే, మలుపు దగ్గర కారాపి, ఎటు వెళ్ళాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. లోర్నాకి ఇంకా చెప్పలేదు.