కాలువలో మొక్క కోసం వంగితే

నేను మిర్యాలగూడలో బోటనీ లెక్చరర్‌ని. పువ్వు లేనప్పుడు కొన్ని నీటిమొక్కలు ఒకేలా ఉంటాయి. కాండం, ఆకు అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తేగానీ ఏది ఏదో తేలదు. ప్రాక్టికల్స్‌కు ఆ మొక్కలు తేవడం కూడా నా పనే.

ఒక సాయంత్రం, ఐదు క్లాసులు చెప్పి, వేములపల్లి దగ్గర సాగర్ కాలువలోకి దిగి వంగాను. నాట్లేసి వస్తున్న ఒక ముసలామె పరుగెత్తుకొచ్చి, జడ పట్టి నన్ను ఒడ్డుకు లాగేసింది.

“ఏం కష్టమొచ్చింది బిడ్డా? సచ్చి ఏం సాధిస్తవ్?”

సిగ్గుతో చేతిలోని మొక్క చూపించాను. “దీని కోసమే దిగానమ్మా, అంతే.”

“గడ్డి కోసం వచ్చినోళ్ల మొఖం గట్లుంటదా?” అంది. బస్సెక్కేదాకా నా చెయ్యి వదల్లేదు.

మొక్క పేరు మర్నాడు ల్యాబులో తేలింది. నా ముఖం సంగతి మాత్రం ఆ బస్సు అద్దంలోనే తేలిపోయింది. ఆమె ఊరికే భయపడలేదు.