కూడిక గుర్తు తరువాత

మదనపల్లె డిగ్రీ కాలేజీలో లెక్కల మేడం అంబిక అంటే పిల్లలకు హడలు. అలాంటి మనిషికి 2006లో బోర్డు మీద కూడిక గుర్తు పెట్టాలంటే హడలు పట్టుకుంది. పెట్టిందే తడవు, వెనక బల్ల మీద ఎవరో చాక్‌పీస్‌తో టక్ టక్‌మని కొట్టినట్టు వినిపించేది. తిరిగి చూస్తే పిల్లలు నోళ్లు తెరుచుకుని తననే చూస్తుండేవాళ్లు.

ఆ చప్పుడు నంజప్ప సారుది. కుప్పంలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక పుంగనూరులో స్థిరపడ్డాడు. ఆయన దగ్గరే అంబిక పీహెచ్‌డీ. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కేది. నడవా గోడకు నల్లరంగు పూయించి దాన్నే బోర్డు చేసుకున్నాడా మహానుభావుడు! ఆమె రాస్తుంటే వెనక బల్ల మీద కూర్చునేవాడు. తప్పొస్తే నోరు మెదపడు, టక్ టక్. ఒప్పయితే చప్పుడూ లేదు, మెచ్చుకోలూ లేదు. ఏం పిసినారితనమో!

ఆమె సబ్జెక్టు నార్మ్. కూడిక, గుణకారం రెండూ చెల్లే వలయంలో ఒక మూలకాన్ని దాని ప్రతిబింబాలతో గుణిస్తే వచ్చేది అదే. బీజగణితంలో పాత సంగతే, ఆకారాలను సాగదీసి, వంచి చదివే హోమోటోపీ వాళ్లు దాన్ని ఆకారాల లోకంలోకి పట్టుకుపోయారు. గుణకారంతో దానికి పేచీ లేదు. లబ్ధానికి నార్మ్ తీసినా, నార్మ్‌లను గుణించినా ఒకటే. తంటా అంతా కూడికతోనే. రెండింటిని కూడి నార్మ్ తీస్తే, విడివిడి నార్మ్‌లతోపాటు మధ్యలో ఇంకోటి పుట్టుకొస్తుంది. దీనితో దాని ప్రతిబింబం, దానితో దీని ప్రతిబింబం జతకట్టిన పదం అది. కొన్ని చోట్ల దాన్ని సున్నా అనుకుని పని కానిచ్చేస్తారు. ఆ అలవాటు కొద్దీ అంబిక, అనుకోకూడని చోట కూడా దాన్ని మింగేసింది. థీసిస్ మొత్తం అలా రాసిన వరుస మీదే నిలబడి ఉంది.

అలాంటి ఒక ఆదివారం ఆ వరుస రాస్తే సారు టక్ టక్‌మంటూనే ఉన్నాడు. ఆమెకు తప్పు కనిపించలేదు.

"ఇంగేం తప్పుండాది సార్?" అని విసుక్కుని, బస్సుకు టైమైందని వచ్చేసింది.

మర్నాడు సారు పోయాడని కబురు. పరుగున వెళ్తే శవం పక్కన గోడ కనిపించింది. తను రాసిన వరుస కొట్టేసి ఉంది. కింద సారు చేతి రాత, చివర కూడిక గుర్తు, ఆ తర్వాత ఖాళీ. తను మింగేసిన పదం అక్కడ ఉండాలని అప్పుడు తెలిసింది. నా తప్పు దిద్దుతూనే ప్రాణం పోయిందనుకుని అంబిక కుమిలిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. థీసిస్ మూలన పడింది. చప్పుడు మాత్రం ఆమెను వదల్లేదు.

సంవత్సరీకం దగ్గర పడగానే సారు భార్య శ్యామలమ్మ ఫోన్ చేసింది.

"ఎల్లుండి ఇంటికి సున్నం కొట్టేదానికి వస్తాండారు. ఆ గోడ అట్లే ఉండాది. ఒకసారి వచ్చి సూడమ్మా."

వెళ్లక తప్పలేదు. మిట్టమధ్యాహ్నం నడవాలో ఆ గోడ ముందు నిలబడి అంబిక ఆ ఆఖరి గుర్తునే చూసింది.

"అమ్మా, నా తప్పు దిద్దతానే కదా సారు..."

"ఎవురు సెప్పినారు నీకు?" శ్యామలమ్మ కస్సుమంది. "నువ్వు పోయినాక లేసి రాసినాడు. ప్లస్ పెట్టి ఆపేసినాడు. ఆ మిగిలింది కూడా రాసేయకూడదా, పాపం ఆ పిల్ల అగసాట్లు పడతాండాది అంటి. 'ఆయమ్మే రాసుకుంటాది లే' అని నవ్వుతా సాక్‌పీస్ గూట్లో పెట్టేసినాడు. కాఫీ తాగినాడు, అన్నం తిన్నాడు, పండుకున్నాడు. తెల్లారి లేయలేదు. నువ్వు వచ్చి రాస్తావని ఆ గోడను ఎవుర్నీ ముట్టనీలేదమ్మా నేను. నువ్వు యాల రాలేదు?"

అంబిక గూట్లోంచి చాక్‌పీస్ తీసింది. ఏడాదిగా తెలిసీ రాయలేకపోయిన ఆ మధ్య పదాన్ని కూడిక గుర్తు పక్కన రాసింది. రాసి, వెనక్కి తిరగకుండా చెవులు రిక్కించి నిలబడింది.

వీధిలో సోడాబండి గంట తప్ప ఏమీ వినిపించలేదు. వెనక బల్ల ఖాళీగా ఉంది.

"ఒప్పేనా?" అని అడిగింది శ్యామలమ్మ.

"ఒప్పేనమ్మా. సారు ఇంగ కొట్టడు," అని అంబిక గోడకు తల ఆనించి బావురుమంది.