గోడ అవతల మంద

ఉమ్మడి రాష్ట్రం రోజులు. మిర్యాలగూడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మిగులు గ్యాసును కాల్చేసే గొట్టం ఎంత ఎత్తుండాలో లెక్క కట్టి, మా పెద్ద ఇంజనీరు ముందు పెట్టాను. ఆయన గొర్లకాపరుల ఇంట పుట్టినవారు. ఇలాంటి ఏ లెక్క చూసినా, సంతకానికి పెన్ను మూత తీయకముందే అడిగేవారు: "మంట కింద ఎవరుంటరు?"

"గోడ అవతల ఖాళీ పొలమే సార్."

"వరి కోసినంక ఎరువు కోసం గాడ గొర్ల మంద పెడతరు. కాపరి గాడనే పండుకుంటడు. ఇంకా పెంచు."

యజమాని ఖర్చని సణిగాడు. ఎత్తు పెంచేదాకా ఆయన పెన్ను మూత తీయలేదు.

ఆయన కాలం చేశాక ఒక చలి పొద్దున అటు వెళ్లాను. గోడ పక్కనే మంద నెమరేస్తోంది. గొంగడి కప్పుకున్న కాపరి పైకి చూసి విసుక్కున్నాడు: "మంట గంత మీద పెట్టిండ్రు సారూ. సలి కాగుదమంటె సెగే తగల్తలేదు."

ఈ ఫిర్యాదు వినడానికి ఆయన ఉండాల్సింది.