గ్లౌజు తియ్యని డాక్టరు

వారానికి రెండుసార్లు అన్నయ్యని బండి మీద పలాస డయాలసిస్‌కి తీసుకెళ్లడం, నాలుగు గంటలు మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూలబడడం, మళ్లీ ఇంటికి చేర్చడం. మూడేళ్లుగా ఇదే నా ఉద్యోగం. విసుగొచ్చేది. అన్నయ్య మీద కాదు, ఆ దిక్కుమాలిన కుర్చీ మీద అని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ రోజు వార్డు టీవీలో పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమా తెలుగు మాటలతో వస్తోంది. ఒక డాక్టరు తాను కనిపెట్టిన మందుని తన మీదే ప్రయోగించుకుంటాడు. అది వికటించి కుడిచెయ్యి వికారంగా మారిపోతుంది. పెళ్లానికి తెలియకూడదని భోజనం దగ్గర కూడా గ్లౌజు తియ్యడు. చిన్నప్పుడైతే దుప్పటి ముసుగుపెట్టేవాళ్లం. వార్డులో ఎవరికీ భయం లేదు. మన రక్తం పట్టుకెళ్లినోళ్ల కంటే ఈడే నయం, సొంత ఒంటి మీదే సేసుకున్నాడని పక్కమంచం పెద్దాయన అన్నాడు. నిజమే. పరీక్షలకని రక్తం, ఉచ్చ, నూతినీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు ఎందరో. ఇంటింటా ఉన్న ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని మా వీధికి తిరిగొచ్చి చెప్పినవాడు లేడు.

మా ఉద్దానం పల్లెల్లో పెళ్లికెళ్లినా పలకరింపు ఒకటే, కిడ్నీ పరీక్ష గురించి: క్రియేటినిన్ ఎంతొచ్చింది? బానే ఉందనేవాణ్ణి. అసలు పరీక్షే చేయించుకోలేదు. ఊళ్లో రక్తపరీక్షల శిబిరం పెట్టిన రోజు కొబ్బరి దింపు ఉందని తోటలోకి జారుకున్నాను. ఇంటికి ఒక్కడు మంచాన పడితే చాలదా అని నా కోపం.

సినిమాలో భార్య గ్లౌజు తియ్యమని ఏడుస్తోంది. అన్నయ్య టీవీ చూడడం లేదు, నా కాళ్లు చూస్తున్నాడు. బండి ఇంజను వేడి తగులుతోందని చెప్పి, మండుటెండల్లో నేను సాక్సు తొడగడం మొదలెట్టి నెలయింది.

“సాక్సు ఇప్పు,” అన్నాడు.

నేల చల్లగా ఉందన్నాను. నేను మొహం మాడ్చుకుంటే ఇంట్లో ఎవరూ రెండోసారి అడగరు. అన్నయ్య అడిగాడు.

“ఇప్పరా. నానూ నాలుగు నెల్లు దాసినోణ్ణే. అమ్మకి కనపడకుండా పంచె దించి కట్టీవోణ్ణి.”

విప్పి, వాచిన కాలు మంచం అంచున పెట్టాను. సూదుల్లేని చేతి వేలితో వాపు మీద నొక్కి తీశాడు. గుంట పడింది. అది పూడుతుందేమోనని ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. సినిమా ఎప్పుడైపోయిందో తెలీదు.

అన్నయ్య సిస్టర్ని పిలిచి, మా తమ్ముడికీ రక్తం తియ్యమ్మా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“నీ వంతొత్తే ఆ కుర్సీలో నాను కూకుంటాన్లే.”

మూడేళ్లుగా ఆ కుర్చీని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.