పదకొండో నంబరు స్తంభం

ఆ కొండవీధిలో ఆమెను అందరూ మీటరక్క అనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్లుగా ఇంటింటికీ వెళ్లి కరెంటు మీటరు చూసి, బిల్లు చేతికివ్వడం ఆమె పని. "వచ్చిందమ్మా షాకిచ్చే మనిషి!" అని దర్జీ ముసలాయన ఆటపట్టిస్తే, "నీ మిషను కన్నా నీ నోరే ఎక్కువ తిరుగుతోంది బాబాయ్" అని తనూ చురక అంటించేది.

మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. నాలుగోనాటి పొద్దున కొండ జారింది. కింద బస్టాండు దగ్గరున్న తన ఇంట్లోంచి మీటరక్క పరుగెత్తుకొచ్చేసరికి వీధే లేదు. ఎర్రటి బురద, బండలు, వేళ్లతో సహా పెళ్లగిలిన చెట్లు.

"ఎక్కడని తవ్వమంటారు?" అన్నాడు సహాయక దళం నాయకుడు. చెప్పగలిగినవాళ్లలో సగంమంది మట్టి కిందున్నారు. మిగిలినవాళ్లకు నోట మాట రావడం లేదు.

బురదలోంచి ఒక కరెంటు స్తంభం ఒరగకుండా పైకి కనబడుతోంది. దానిమీద పదకొండో నంబరు.

"ఇది కదల్లేదు సార్," అంది మీటరక్క. " దీనికి కుడివైపు ఇరవై అడుగులేస్తే దర్జీ ఇల్లు. మెట్ల కింద గది గట్టిది, మీటరు అందులోనే. వానొస్తే ఆయన అక్కడే పడుకుంటాడు."

"మీవాళ్లెవరైనా ఉన్నారామ్మా?"

ఆమె వీధి చివరి వైపు చెయ్యి చూపింది. "మా అక్క. చివరి ఇల్లు. మట్టిగోడలు, రేకుల కప్పు. ముందు స్లాబు ఇళ్లు చూడండి సార్. అక్కడైతే గాలి ఉంటుంది."

మధ్యాహ్నానికి దర్జీని ప్రాణాలతో తీశారు. సాయంత్రం లోపు మరో నలుగురిని. అక్క మూడోనాడు దొరికింది. "మొదటి దెబ్బకే పోయుంటుందమ్మా" అన్నాడు నాయకుడు. నిజమో ఓదార్పో ఆమె అడగలేదు.

ఆ రోజు పని మీద పక్క ఊళ్లో ఉండి బతికిపోయిన బావ, ఆ తర్వాత ఆమె ముఖం చూడలేదు. వీధి ఉన్నచోట కొత్తగా ఒక వాగు పుట్టింది. అక్కడ ఇళ్లు కట్టకూడదని బోర్డు పెట్టారు. మీటరక్కకు వేరే వీధులిచ్చారు. ప్రతి గుమ్మం ముందూ, లోపల ఎంతమంది పడుకుంటారో లెక్కపెట్టుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

ఏడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బావ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నీ చోట నేనుంటే మీ అక్క ఇల్లే ముందు తవ్వించేవాణ్ణి. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా." చెప్పులు విడిచాడు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. అన్నం పెడతావా?"

ఆమె పీట వాల్చింది.