నాలుగు రోజుల దారి

అరవైల చివర్లో మా పెద్దన్న అస్సాం కొండల్లో ఒక చిన్న విమానాశ్రయంలో మెకానిక్కు. మిలట్రీ కొలువు. విమానాలు బాగుచేసేవాడే గానీ, వాడూ విమానం ఎక్కగలడని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. సెలవు దొరికితే రైల్లోనే వచ్చేవాడు. పొందూరు స్టేషన్లో దిగి, ఒళ్లంతా బొగ్గు మసితో ఇంటికి నడిచొచ్చేవాడు.

ఆ వేసవిలో అమ్మకి జబ్బు ముదిరింది. మావయ్య, అంటే అమ్మకి అన్న, పొద్దున్నే పొందూరు వెళ్లి పెద్దన్నకి టెలిగ్రాం కొట్టించి వచ్చాడు. అమ్మ మంచం మీంచే అడిగింది.

"అన్నా, పిల్లడు ఎప్పటికొస్తాడు?"

మావయ్య కుర్రతనంలో టీతోటల పనికి ఆ దేశం వెళ్లొచ్చినవాడు. అస్సాం సంగతి ఊళ్లో ఎవరైనా ఆయన్నే అడగాలి. రైళ్లు ఎక్కడ మారాలో, ఏరు దాటడానికి పడవ ఎక్కడ ఎక్కాలో వేళ్ల మీద లెక్కకట్టాడు.

"నాలుగు రోజులు పడతాదే సెల్లీ. నాను తిరిగిన దారే కదా. ఓపిక పట్టు."

"నాలుగు రోజులా! అన్నాళ్లు నానుండలేనన్నా."

అప్పటిదాకా వీధి గుమ్మం కేసే చూస్తూ పడుకున్న మనిషి, నేను జావ తెచ్చేసరికి వద్దని గోడ వైపు తిరిగిపోయింది. మర్నాడు తెల్లవారేసరికి పోయింది.

ఎండలు మండిపోతున్నాయి. పెద్దకొడుకు వచ్చేదాకా ఉంచమని నేను గోలపెట్టాను.

"ఈ ఎండల్లో ఇంకా మూడ్రోజులు ఎలాగుంచుతామే? నీకేటి మతి పోనాదేటి?" అని మావయ్య నామీద కేకలేశాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. నాన్న ముందే పోయాడు, దగ్గర ఇంకో కొడుకూ లేడు. చివరికి మా చిన్నాన్న చేత కొరివి పెట్టించారు.

పొద్దువాలాక మగవాళ్లు ఏట్లో మునిగి, తడిబట్టలతో ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారో లేదో, సంచి భుజానేసుకుని పెద్దన్న వీధిలోకి వచ్చాడు! చొక్కా మీద ఎప్పుడూ ఉండేంత బొగ్గు మసి లేదు. అత్త కెవ్వుమంది.

"ఏటైనాది? అందరూ తడిసున్నారేటి?" అన్నాడు. మా మొహాలు చూసి అక్కడే కూలబడిపోయాడు.

మావయ్య అరుగు దిగి వాడి పక్కన కూర్చున్నాడు. "నువ్వెలాగొచ్చావురా అల్లుడా?"

"పొద్దున్నే విశాపట్నానికి విమానమొకటి బయల్దేరతంటే, ఆఫీసరు కాళ్లట్టుకుని ఎక్కేసినాను మావా. మద్దినేళకి దిగిపోనాను. అక్కడినుంచి రైలు."

"అంత దూరం... ఒక్క పూటలోనా?"

"ఒక్క పూటే మావా."

ఒక్క పూట! విశాఖ విమానాశ్రయమూ అప్పటికి చిన్నదే. అక్కడో విమానం దిగుతుందని, అందులో మావాడు ఉంటాడని మేం కలగంటామా? మావయ్య వేళ్లు మళ్లీ లెక్కకి కదిలి ఆగిపోయాయి. నాకు కడుపు మండిపోయింది గానీ ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. రైలుకైతే నాలుగు రోజులే.

పెద్దన్న నావైపు తిరిగాడు.

"అమ్మ నాకోసం అడిగిందేటే?"

"అడిగింది."

"మీరేటి సెప్పినారు?"

మావయ్య తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. నేనే చెప్పాల్సి వచ్చింది.

"నాలుగు రోజులు పడతాదని సెప్పినామన్నా."